లైను మీద బుడగలు

సోమవారం పొద్దున్నే మైకు కట్టిన ఆటో ఒకటి తూర్పుమెరక ఊరంతా తిరుగుతూ ఒకే ముక్క అరిచింది. "గురువారం ఉదయం తొమ్మిది గంటలకు మీ గ్రామంలో మాక్ డ్రిల్లు! ప్రజలందరూ సహకరించవలెను!" మైకు పాతది, ఆటో కొత్తది, గొంతు ఏ ఊరిదో తెలియనిది. మూడూ కలిసి గతుకుల రోడ్డు మీద ఎగిరి ఊరి చెవిలో పడేసరికి "మాక్ డ్రిల్లు" కాస్తా "మాకు డ్రిల్లు" అయి కూర్చుంది.

మాకు డ్రిల్లంటే మాకు బోరు. చుట్టూ రొయ్యల చెరువులు తవ్విన దగ్గర్నుంచి ఆ ఊళ్ళో చేతిపంపు కొడితే వచ్చేవి నీళ్ళు కావు, ఉప్పు వెయ్యక్కర్లేని చారు. మూడొందల అడుగులు దింపితే తియ్యటి నీళ్ళు పడతాయని ఓట్లప్పుడల్లా ఎవరో ఒకరు చెప్పి పోతూనే ఉన్నారు. చెప్పేవాళ్ళు పోతున్నారు గాని నీళ్ళు మాత్రం పడటం లేదు. గురువారం దాకా ఆగితే వరసలో వెనకబడతామని, సోమవారం పదింటికే నలభై బిందెలు పంచాయతీ ఆఫీసు ముందు బారు తీరాయి.

గ్యాసు గొట్టం కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుగా ఉన్న గణేష్‌బాబు మోటారు సైకిలు దిగి, ఆ బిందెలు చూసి తెల్లబోయాడు.

"ఇది బోరు కాదమ్మా, మాక్ డ్రిల్లు! గ్యాసుకి సంబంధించింది!"

"గ్యాసు తమరు రోజూ కొడుతూనే ఉన్నారు కదండీ, దానికి మళ్ళీ మైకెందుకు?" అంది ముందు వరసలో ఉన్న తలుపులమ్మ. ఊడ్పుల ముఠాకి మేస్త్రి ఆవిడ. ఆవిడ నోటికి ముఠాలో పద్దెనిమిది మందీ భయపడతారు, మొగుడితో కలిపి పంతొమ్మిది.

గణేష్‌బాబు చెమట తుడుచుకుని విడమరిచి చెప్పాడు. పాలకొల్లు అవతల స్టేషన్లో రెండు పెద్ద కంప్రెసర్లు కొత్తగా దించారు. ఊరి చేల కిందనుంచి ఇన్నేళ్ళుగా పోతున్న గొట్టంలోనే, ఈ శనివారం నుంచి ఇప్పటికంటే సగం ఎక్కువ గ్యాసు తోస్తారు. దాని పక్కన రెండో గొట్టం వేసేదాకా పాత గొట్టమే రెండు గొట్టాల చాకిరీ చెయ్యాలి. ప్రెషరు పెంచే ముందు ఊళ్ళో ఒకసారి ప్రమాదం ఆడి చూపించాలని రూలు. గొట్టం పగిలినట్టు వీళ్ళు నటిస్తారు, పారిపోయినట్టు జనం నటించాలి.

"మంచినీళ్ళిచ్చినట్టు కూడా నటించకూడదాండీ?" అని తలుపులమ్మ బిందె చంకనెత్తుకుంది. నలభై బిందెలూ బోలుగా మోగుతూ ఇళ్ళకి పోయాయి.

జనం పలచబడ్డాక మెట్ల పక్కనుంచి పసుపుపచ్చ జాకెట్టు ఒకటి కదిలింది. అందులో ఉన్నవాడు తలుపులమ్మ మొగుడు త్రిమూర్తులు. లైన్ వాకరు. పైపు భూమి లోపల నడుస్తుంది, దాని మీద ఎనిమిది కిలోమీటర్లు త్రిమూర్తులు రోజూ నడుస్తాడు. పైపుకి పైనుండేవాడు కాబట్టి అతణ్ణి పైవాడనొచ్చు గాని, ఆ మాట ఒక్క పైపు విషయంలోనే చెల్లుతుంది. మిగతా అన్ని విషయాల్లోనూ అతను అందరికీ కింద.

"సార్, నిన్న ఫోన్లో చెప్పాను కదండీ. భీమరాజుగారి చేలో బుడగలు..."

"ముందు సంతకం పెట్టు."

గణేష్‌బాబు ఊరికి వచ్చేది సోమవారాలే. రోజూ చెయ్యాల్సిన సంతకాలు ఏడూ సోమవారమే చేయించేసి, కాగితానికి ఫొటో తీసి పైకి పంపేస్తాడు. ఏడు గళ్ళు, ఏడింటిలోనూ ముందే అచ్చు వేసి ఉంది, 'అంతా సవ్యం' అని. పక్కన త్రిమూర్తులు పేరు రాయాలి. త్రిమూర్తులు ఆఫీసు అరుగు మీద గొంతుక్కూర్చుని, నాలిక బయటపెట్టి, ఒక్కో గడిలో తన పేరుని ఒక్కో చేపని బుట్టలో వేసినంత జాగ్రత్తగా వేశాడు. రాబోయే ఆదివారం దాకా ఊళ్ళో అంతా సవ్యంగా ఉంటుందని సోమవారం పదిన్నరకే ఖాయమైపోయింది. పంచాంగం చెప్పేవాళ్ళు కూడా ఇంత తెగింపు చెయ్యరు.

"ఇప్పుడు చెప్పు. ఏం బుడగలు?"

"ఒకసారి వచ్చి చూడండి సార్. నేను చెబితే నమ్మరు."

"చూసినా నమ్మను," అన్నాడు గణేష్‌బాబు. అయినా మర్నాడు వచ్చాడు.

* * *

భీమరాజుగారి రెండెకరాలూ దమ్ము చేసి, చదును చేసి, నీళ్ళు పెట్టి ఉన్నాయి. శుక్రవారం ఊడ్పు. గట్టు దగ్గర, కింద గొట్టం ఉందని చెప్పే పసుపు రంగు మార్కరు రాయి. దానికి సూటిగా నలభై అడుగులు లోపల, పిల్లకాలువ వైపు, నీళ్ళ మీద చిన్న చిన్న బుడగలు లేస్తున్నాయి.

త్రిమూర్తులు లుంగీ ఎగగట్టి చేలోకి దిగాడు. గణేష్‌బాబు బూట్ల వల్ల గట్టు మీదే ఆగిపోయాడు.

"చేపలు," అన్నాడు అక్కణ్ణుంచే.

"కాదండి."

"కొర్రమీనేమో."

చేపల గురించి ఇంకొకడు చెబుతుంటే విని ఊరుకోవడం త్రిమూర్తులు వంశంలో లేదు. "కొర్రమీను ఊపిరికి ఒకసారి పైకొచ్చి ఒక బుడగ వదిలి పక్కకి పోతుందండి. మళ్ళీ ఆ చోట లేవదు. పీతయితే నురగ కడుతుంది. బురదలో గాలయితే కాలేస్తే లేస్తుంది, కాలు తీస్తే ఆగుతుంది. ఇదుగో, నేను కదలట్లేదు. అయినా చూడండి, ఒకటే చోట, దారానికి గుచ్చినట్టు."

"దారానికి గుచ్చితే పూలదండవుతుంది, లీకెలాగవుతుంది?" గణేష్‌బాబు తన మాటకి తనే నవ్వాడు. "గ్యాసయితే వాసన రావాలిగా?"

"ఈ లైన్లో గ్యాసుకి వాసనుండదని ట్రైనింగులో తమరే చెప్పారండి. వాసన తర్వాత కలుపుతారని, వంటింటి సిలిండర్లకి."

"నేను చెప్పింది నాకే చెబుతున్నావా?"

"డిటెక్టరు పెట్టి చూస్తే తేలిపోద్ది కదండీ."

"రిపేరుకి హైదరాబాదు పంపారు. వెళ్ళి తెస్తావా?"

త్రిమూర్తులు అరచేతిని నీళ్ళ మీద బోర్లించాడు. బుడగలు చెయ్యి కింద చేరి, వేళ్ళ సందులోంచి ఒక్కొక్కటిగా తప్పించుకుపోయాయి. అతను చెయ్యి తియ్యలేదు. ఒంట్లో బాగోలేని పిల్లవాడి గుండె మీద చెయ్యి వేసినట్టు అలాగే ఉంచాడు. గణేష్‌బాబు అది చూసి, గొంతు తగ్గించాడు.

"చూడు త్రిమూర్తులూ. ఇప్పుడు నేను లీకని రాశాననుకో. కంప్రెసర్లు ఆగుతాయి. అవి ఆగితే పైవాళ్ళు నన్నడుగుతారు. నన్నడిగితే నేను నిన్నడుగుతాను. నీకెవరున్నారు అడగడానికి?"

త్రిమూర్తులుకి ఎవరూ కనబడలేదు.

"శనివారం గడవనీ. సోమవారం వచ్చినప్పుడు చూద్దాం."

"శుక్రవారం ఇందులో ఊడ్పండి. ఆడవాళ్ళు దిగుతారు. గట్టు మీద పొయ్యి పెట్టి టీ కాస్తారు. చుట్ట కాల్చేవాళ్ళున్నారండి అందులో."

"ఊళ్ళో నోరు విప్పావంటే," గణేష్‌బాబు మోటారు సైకిలు తాళం తీస్తూ అన్నాడు, "జాకెట్టు కూడా విప్పాల్సి వస్తుంది."

అంతలో గట్టు మీద గొడుగు కనిపించింది. చేను ఆసామీ భీమరాజుగారు. రెండో లైను తాలూకు పెద్ద పెద్ద గొట్టాలు పేర్చుకోవడానికి ఆయన కొబ్బరితోట పక్క జాగా కంపెనీవాళ్ళు అద్దెకి అడుగుతున్నారు. అప్పటినుంచీ పసుపు జాకెట్టు కనపడితే ఆయనకి చుట్టాన్ని చూసినంత సంబరం.

"ఏంటిరా త్రిమూర్తులూ, నా చేలో వలేశావా?"

"బుడగలండి రాజుగారూ..."

"సర్వే అండి," గణేష్‌బాబు మధ్యలో దూరాడు. "రెండో లైను సర్వే."

భీమరాజుగారు గొడుగు పక్కకి వంచి నీళ్ళ మీద బుడగల్ని కాసేపు చూశాడు. ఒకసారి గణేష్‌బాబు ముఖం చూశాడు. "చేపలయితే రెండు మా ఇంటికి పంపు," అని, వచ్చినదానికంటే తొందరగా వెళ్ళిపోయాడు.

ఇద్దరూ వెళ్ళాక త్రిమూర్తులు కాలువ గట్టున ఒక వెదురుకర్ర విరిచి, తల గుడ్డలోంచి ఎర్రపేలిక చింపి దాని కొసకి కట్టి, బుడగల పక్కన దించాడు. నీళ్ళలో బుట్ట ముంచిన చోట వాళ్ళ వాళ్ళు అలా గుర్తు పెడతారు. ఇక్కడ కాలు పెట్టకు అని దాని అర్థం. చేపలు పట్టే ఇంట్లో పుట్టినవాడికి ఆ అర్థం పుట్టుకతో తెలుస్తుంది. మిగతా లోకానికి అది ఒక కర్ర, ఒక గుడ్డ.

సాయంత్రం తలుపులమ్మ కంచంలో అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. మొగుడికి ఆ ఉద్యోగం వచ్చిన రోజు, "రవికగుడ్డ తెమ్మంటే నువ్వు జాకెట్టు తొడుక్కొచ్చావేంటయ్యా" అని ఊరంతా నవ్వేలా అన్న మనిషి, ఆ జాకెట్టుని వారానికి రెండుసార్లు తనే ఉతికి ఆరేస్తుంది. ఇప్పుడూ దండెం మీద తడిగా అదే వేలాడుతోంది.

"శుక్రవారం భీమరాజుగారి చేను ఒప్పుకున్నాం. ఆకుమడి రేపు తీస్తాం. అందరం ఒకే రోజు దిగి ఒక పూటలో ముగించేస్తాం."

త్రిమూర్తులు చేతిలో ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగింది.

"వేరే చేను చూసుకోకూడదా?"

"ఎందుకు?"

విప్పాల్సిన నోరు, విప్పకూడని జాకెట్టు, రెండూ ఎదురెదురుగా ఉన్నాయి. అతను దండెం వైపు చూశాడు.

"నీళ్ళెక్కువున్నాయి అందులో."

"ఊడ్పుకి నీళ్ళుండక నిప్పులుంటాయా?" తలుపులమ్మ నవ్వి ఇంకో గరిటె పులుసు పోసింది. "తిను."

అతను తిన్నాడు.

* * *

బుధవారం ఆ ఒక్క బుడగల దండ రెండు దండలయింది. త్రిమూర్తులు గట్టు మీద నిలబడే గణేష్‌బాబుకి ఫోను చేశాడు. శనివారం గొట్టానికి పెంచాల్సిన ప్రెషరు గణేష్‌బాబుకి బుధవారమే పెరిగిపోయింది. "షామియానా రాలేదు, కుర్చీలు రాలేదు, నీ బుడగలొచ్చాయా? విను. రేపు ముగ్గురు కావాలి నాకు. గాయపడ్డవాళ్ళు ఇద్దరు, చచ్చినవాడొకడు. గాయాలకి మనుషులు దొరికారు. నువ్వు శవానివి. శవం ఎనిమిదింటికల్లా ఉండాలి, లేటవకూడదు."

గాయాలకి పోటీ ఎందుకంటే, గాయపడ్డవాళ్ళని అంబులెన్సులో పాలకొల్లు దాకా తీసుకెళ్ళి టిఫిను పెట్టించి తీసుకొస్తారు. ఆ రెండు గాయాలూ వార్డు మెంబరు బామ్మర్దులు సంపాదించుకున్నారు. శవానికి టిఫినెవరు పెడతారు?

"ఊడ్పులు మొదలెట్టే ముందు రోజు శవంలా పడుకోవడమేంటయ్యా?" తలుపులమ్మ గొడవ పెట్టింది. "శుభమా అని పని మొదలెడుతుంటే!"

"ఉద్యోగం," అన్నాడు త్రిమూర్తులు.

గురువారం తొమ్మిదయ్యేసరికి రోడ్డు పక్కన షామియానా, దాని కింద తెల్ల చొక్కాలు, వాటి ముందు బల్ల మీద చల్లటి నీళ్ళ సీసాలు వరసగా. జనానికి డ్రిల్లు మీద కంటే ఆ సీసాల మీదే చూపు. రాజమండ్రి నుంచి పెద్ద ఇంజనీరు సత్యప్రసాద్ గారు వచ్చాడు. సన్నగా, నెమ్మదిగా, ఎవరితోనైనా మీరు మీరంటూ మాట్లాడతాడు.

డ్రిల్లు ఏ చేలో చెయ్యాలన్నది గణేష్‌బాబు ముందే తేల్చేశాడు. రోడ్డు పక్కన ఉన్న చేను అదొక్కటే, షామియానా పట్టే జాగా అదొక్కటే. భీమరాజుగారిది. త్రిమూర్తులు అది చూసి, "సార్, ఇక్కడ వద్దండి," అన్నాడు. గణేష్‌బాబు వినలేదు. వినే తీరిక లేదు. "పడుకో ముందు," అన్నాడు.

గట్టు మీద త్రిమూర్తులుని వెల్లకిలా పడుకోబెట్టి, ముఖం మీద తెల్లగుడ్డ కప్పాడు లాజరు. నిప్పులార్పే బృందంలో పనిచేసే కుర్రాడు, సరదా మనిషి. "ఊపిరి మెల్లగా తీసుకో బాబాయ్. శవం పొట్ట కదిలితే మార్కులు తగ్గుతాయి."

గుడ్డ కింద లోకం తెల్లగా, వేడిగా ఉంది. సైరను మోగింది. జనం నవ్వుకుంటూ పరిగెత్తారు. గాయపడ్డ బామ్మర్దులు అద్భుతంగా మూలిగారు. మైకులో గణేష్‌బాబు గొంతు: "ఇప్పుడు మంట వస్తుంది! టైరు అంటించి పొగ చూపించండి! ఎక్కడ పెడుతున్నావు లాజరూ?"

"గుర్తు పెట్టేశారు కదండీ!" లాజరు కేక దూరంగా, నీళ్ళలో నడుస్తూ. "ఎర్రగుడ్డ కర్ర! దాని పక్కనే పెడుతున్నాను!"

త్రిమూర్తులు గుడ్డ లాగి కూర్చున్నాడు.

చేలో లాజరు భుజం మీద లారీ టైరు, ఒక చేతిలో డీజిలు సీసా, పెదాల మధ్య లైటరు. ఎర్రగుడ్డకి పదిహేను అడుగుల్లో ఉన్నాడు.

"లాజరూ! ఆగు! అక్కడ కాదు!"

షామియానా కింద ఒక నవ్వు పుట్టి రోడ్డు దాకా పాకింది.

"శవం పడుకోవాలి!" మైకు అరిచింది. "శవం మాట్లాడకూడదు! త్రిమూర్తులూ, పడుకో!"

త్రిమూర్తులు లేచి చేలోకి దూకాడు. జనం ఈలలేశారు. దమ్ము చేసిన బురద మోకాళ్ళ దాకా లాగుతుంటే, ఒక చెప్పు అందులో పోతే, తెల్లగుడ్డ మెడకి చుట్టుకుని వెనకాల ఎగురుతుంటే, యాభై నాలుగేళ్ళ శవం ఎగిరెగిరి పరిగెత్తింది. "దెయ్యమయ్యాడ్రోయ్!" అని ఎవరో అరిస్తే ఊరు ఊరంతా పొట్ట పట్టుకుంది. లాజరు కూడా నవ్వుతూనే టైరు దించి, డీజిలు పోసి, లైటరు చేతిలోకి తీసుకున్నాడు. ఇదీ డ్రిల్లులో భాగమే అనుకున్నాడు.

త్రిమూర్తులు అతని మీద పడ్డాడు. లైటరు నీళ్ళలో పడింది. టైరు, దాని మీద త్రిమూర్తులు, అతని కింద లాజరు ఒక చెయ్యి. డీజిలు, బురద కలిసి త్రిమూర్తులు నోట్లోకి పోయాయి. అయినా టైరుని వాటేసుకుని వదల్లేదు. చప్పట్లు మోగాయి.

సత్యప్రసాద్ గారు ముఖం ఎర్రగా చేసుకుని గట్టు మీదకి నడిచి వచ్చాడు. ఆయన వెనకాలే వచ్చిన సేఫ్టీ ఆఫీసరు నడుముకి చిన్న పెట్టె ఒకటి వేలాడుతోంది. హైదరాబాదు వెళ్ళని డిటెక్టరు. గాలి పిల్లకాలువ వైపునుంచి తిరిగింది. పెట్టె కీచుమంది. ఆఫీసరు దాన్ని చేత్తో తట్టాడు. అది ఇంకా గట్టిగా కీచుమంది, ఇక ఆగలేదు.

డ్రిల్లు ఎంత బాగా చేస్తున్నారోనని జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు.

సత్యప్రసాద్ గారు చప్పట్లు కొట్టలేదు. ఆయన ముఖంలో ఎరుపు దిగిపోయింది. "అందరినీ పంపించెయ్యండి," అన్నాడు మెల్లగా. "నిజంగా."

జనాన్ని నిజంగా పరిగెత్తించడానికి అరగంట పట్టింది. "ఒకసారి పరిగెత్తాం కదండీ, మళ్ళీనా?" అన్నారు.

* * *

మధ్యాహ్నం పంచాయతీ ఆఫీసు గదిలో త్రిమూర్తులుకి కుర్చీ వేశారు. ఆరేళ్ళ ఉద్యోగంలో అతనికి కుర్చీ వేయడం అదే మొదలు. బురద అంటుతుందని అతను అంచు మీద కూర్చున్నాడు.

"త్రిమూర్తులు గారూ, ఇది మీ సంతకమేనా?"

"ఆయ్."

"సోమవారం సవ్యం. మంగళవారం సవ్యం. నిన్నా సవ్యమే. ఇవాళ కూడా సవ్యమే." సత్యప్రసాద్ గారు వేలితో ఒక్కో గడీ దాటాడు. "రేపు కూడా సవ్యమేనని రాశారు. ఎల్లుండి ప్రెషరు పెంచినా సవ్యమేనట. రేపటి సంగతి మీకు ఇవాళే ఎలా తెలుసండీ?"

"గణేష్‌బాబు గారు సోమవారమే పెట్టించుకుంటారండి. ఆదివారమే ఆయనకి ఫోన్లో చెప్పానండి బుడగలని. మంగళవారం చేలో చూపించానండి."

"చేపలన్నాడు సార్," అన్నాడు గణేష్‌బాబు గోడకి ఆనుకుని.

"చేపలు కాదన్నానండి! చేపలన్నది ఆయన!"

సత్యప్రసాద్ గారు చెయ్యి ఎత్తాడు. కిటికీ బయట ఊరంతా మూగి ఉంది. పొద్దుట నవ్విన గొంతులే ఇప్పుడు, ఎప్పట్నుంచి కారుతోంది, ఎవరికి తెలుసు, ఎందుకు చెప్పలేదు, అని అరుస్తున్నాయి.

"వాళ్ళకి ఎవరో ఒకరు సమాధానం చెప్పాలి," అన్నాడాయన. "కంపెనీకి తెలిసి ఊరుకుందంటే గొడవలవుతాయి, కోర్టులవుతాయి, లైను ఆగిపోతుంది. అప్పుడు ఈ కాగితం బయటికి తియ్యక తప్పదు. ప్రమాదం ఉన్న లైనుకి సవ్యమని సంతకం చేసినందుకు కేసవుతుంది, అది మీ మీదే అవుతుంది. అలా కాకుండా, మీరు చూశారు, చేపలనుకున్నారు, ఎవరికీ చెప్పలేదు. డ్రిల్లులో బయటపడింది. అది మనిషి పొరపాటు. మనిషి పొరపాటుని ఎవరైనా క్షమిస్తారు."

"ఉద్యోగమండి?"

"నేను చూసుకుంటాను కదా."

త్రిమూర్తులు చేతికి మైకిచ్చారు. జన్మలో మైకు పట్టుకోలేదతను. దాన్ని కొర్రమీనుని పట్టుకున్నట్టు రెండు చేతులా, జారిపోకుండా పట్టుకుని ఆఫీసు మెట్ల మీద నిలబడ్డాడు. మొదటి వరసలో భీమరాజుగారు, గొడుగు కర్ర మీద గడ్డం ఆనించి.

"ఆదివారం నేనే చూశానండి బుడగలు," అన్నాడు. మైకు కీచుమంది, జనం ఉలిక్కిపడ్డారు. "చేపలనుకున్నానండి. చేపలు పట్టే కుటుంబం కదండీ మాది. నీళ్ళలో ఏది కదిలినా మాకు పులుసే కనపడుద్దండి."

ఒకరిద్దరు నవ్వారు. నవ్వు వినపడగానే అతను మైకుని నోటికి ఇంకా దగ్గరికి లాక్కున్నాడు. నవ్విస్తే కొట్టరని అర్థమైంది.

"ఎవరికీ చెప్పలేదండి. చెబితే మీరందరూ వలలేసుకుని వచ్చేస్తారని. నేనొక్కణ్ణే కూర వండుకుందామని కూర్చున్నానండి. ఇవాళ గుడ్డ కింద పడుకుంటే తెలిసొచ్చిందండి, ఆ కూరలో ముక్కని నేనేనని."

ఊరు గొల్లుమంది. పొద్దుటినుంచి బిగుసుకుని ఉన్న భయమంతా ఆ నవ్వులో బయటికి పోయింది. భీమరాజుగారు అందరికంటే గట్టిగా నవ్వి, నవ్వుతూనే తల పక్కకి తిప్పుకున్నాడు. గణేష్‌బాబు ఫోనులో వీడియో తీస్తున్నాడు. తప్పయిపోయిందని త్రిమూర్తులు చేతులు జోడించే దాకా తీసి, ఆపాడు.

సత్యప్రసాద్ గారు మైకు అందుకుని, రేపు పొద్దున్న కల్లా గొట్టానికి పట్టీ వేసి బాగుచేస్తారని, భయం లేదని, డ్రిల్లు విజయవంతమైందని, శనివారం అనుకున్న పని అనుకున్నట్టే జరుగుతుందని చెప్పాడు. జనం చప్పట్లు కొట్టి, మిగిలిన నీళ్ళ సీసాలు పంచుకుని కదిలారు.

"జాకెట్టు ఇచ్చెయ్యి," అన్నాడు గణేష్‌బాబు.

"సారు చూసుకుంటానన్నారు కదండీ?"

"చూసుకున్నారు కాబట్టే కేసు లేదు. చూసి చెప్పనివాణ్ణి లైను మీద నడిపిస్తారా ఎవరైనా? మైకులో నువ్వే చెప్పావు. వీడియో రాజమండ్రి వెళ్ళిపోయింది కూడా."

జిప్పులో బురద ఇరుక్కుని జాకెట్టు ఒక పట్టాన రాలేదు. గణేష్‌బాబు చేతికి బురదవుతుందని రెండు వేళ్ళతో కాలరు పట్టుకుని లాగాడు. త్రిమూర్తులు చేతులు పైకెత్తి, స్నానం చేయించుకునే పిల్లవాడిలా వంగి సాయం చేశాడు.

రోడ్డు మలుపులో ముఠా ఆడవాళ్ళందరూ ఆగి ఉన్నారు. నిన్న తీసిన ఆకుకట్టలు కాలువ నీళ్ళలో తడుస్తున్నాయి. తలుపులమ్మ ఒక్కతే ముందుకొచ్చింది. బనీనుతో వస్తున్న మొగుణ్ణి తల నుంచి కాళ్ళ దాకా చూసింది.

"మైకులో చెప్పిందంతా అబద్ధం తలుపులూ," అన్నాడతను ఆవిడ అడక్కముందే. ఊపిరందక మాటలు ముక్కలవుతున్నాయి. "వాళ్ళు చెప్పమన్నారు. ఆదివారమే గణేష్‌బాబుకి చెప్పాను. మంగళవారం చేలో నిలబెట్టి చూపించాను. భీమరాజుగారూ వచ్చి చూశాడు. గ్యాసేనని నాకు ముందే తెలుసు. నిన్న కూడా చెప్పాను ఫోన్లో. నా తప్పేం లేదు. నేను చెప్పాను."

"ఆదివారమే తెలుసా?"

"తెలుసు!" అన్నాడు త్రిమూర్తులు గబగబా. ఇంటి మనిషైనా నమ్మిందని ప్రాణం లేచొచ్చింది. "ఒట్టు. అప్పుడే తెలుసు."

తలుపులమ్మ కాలువలో తడుస్తున్న ఆకుకట్టల వైపు చూసింది. వెనకనుంచి, అందరిలోకీ పెద్దది, చెవులు సరిగా వినపడని చిన్నమ్మాయి అనే ముసలావిడ, "ఏంటంటన్నాడే?" అని అడిగింది. మిగతా వాళ్ళూ దగ్గరికి జరిగారు.

తలుపులమ్మ వాళ్ళ వైపు తిరిగి, చిన్నమ్మాయికి కూడా వినపడేలా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"మైకులో అన్నదంతా అబద్ధమంట పిన్నీ. చేపలనుకోలేదంట, గ్యాసేనని ఆదివారమే తెలుసంట. గణేష్‌బాబుకి చెప్పాడంట. భీమరాజుగారూ చూశాడంట. తెలియంది రేపు అందులో దిగే మన పద్దెనిమిది మందికేనంట."